వందేళ్లు తెర చూడని సినిమా

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

అమెరికాలోని కొందరు నల్లజాతి దర్శకులు పాత ఫిలిం నిల్వలతో చేస్తున్న పని గురించి మీకు వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

1913లో న్యూయార్క్‌లోని బయోగ్రాఫ్ కంపెనీ బెర్ట్ విలియమ్స్ అనే నల్లజాతి హాస్యనటుడు కథానాయకుడిగా ఒక మూకీ చిత్రం తీసింది. ఆ రోజుల్లో నల్లవారి పాత్రలను తరచుగా తెల్లవారే ముఖాలకు మసి పూసుకుని వెకిలిగా నటించేవారు. రంగస్థలం మీద ఎంతో పేరున్న విలియమ్స్‌కు కూడా, తాను నల్లవాడై ఉండి, ఆ మసి తప్పలేదు. అయితే ఆయన చుట్టూ ఉన్న నల్లజాతి నటీనటులు తమ సొంత ముఖాలతోనే కనిపిస్తారు. చక్కగా ముస్తాబై ఊరేగుతారు, నాట్యం చేస్తారు, రంగులరాట్నం ఎక్కుతారు. నాయికా నాయకులు ముద్దు పెట్టుకుంటారు. నిర్మాతలు ఆ చిత్రాన్ని పూర్తిచేయకుండానే వదిలేశారు. రెండేళ్లకే, 1915లో, నల్లవారిని హింసించిన కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లవారి ముఠాను వీరులుగా చూపిన సినిమా మాత్రం దేశమంతటా ఆడింది. ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టుకుని ఆలోచించండి.

బయోగ్రాఫ్ నెగటివ్‌లు 1939లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియానికి చేరాయి. వాటిలో దొరికిన ఈ చిత్రపు ఏడు రీళ్లను కూర్చి 2014లో ప్రజలకు చూపారు. అమెరికా మూకీ కథాచిత్రాల్లో సుమారు 70 శాతం నశించిపోయాయని అక్కడి జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో తేల్చింది. పోయినవాటిలో ఇలాంటివి ఇంకెన్ని ఉండేవో అన్న ఊహ గ్యారెట్ బ్రాడ్లీ అనే దర్శకురాలిని కదిలించింది. 2019లో ఆమె ‘అమెరికా’ పేరుతో నలుపు తెలుపుల్లో పన్నెండు చిన్న చిత్రాలు తీశారు. 1919లో హత్యకు గురైన వాద్యబృంద నాయకుడు జేమ్స్ రీస్ యూరప్, 1920లో పుట్టిన నల్లజాతి బేస్‌బాల్ లీగ్ వంటి నిజ చరిత్రలే వాటికి ఆధారం. విలియమ్స్ చిత్రంలోని దృశ్యాలను వాటి మధ్య మధ్య కూర్చారే తప్ప, పాతదాన్ని చెరిపి కొత్తది రాయలేదు. నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించింది అదే.

పోయింది ఫిలిం ఒక్కటే కాదు, వాడలకు వాడలే పాడుబడ్డాయి. సెయింట్ లూయిస్ నగరపు ఉత్తర భాగంలో నల్లవారు బతికిన వీధుల శిథిలాలను, ఆ నగరంలోనే పుట్టిన క్రిస్టఫర్ హారిస్ అనే దర్శకుడు 2000లో ఒక చిత్రంగా మలిచారు.

ఇక చెరిల్ డున్యే అనే దర్శకురాలు. స్త్రీలను ప్రేమించిన నల్లజాతి నటీమణుల జాడ పాత నిల్వల్లో దాదాపు దొరకనందున, ఆమె 1930ల నాటి ఒక నటిని తానే కల్పించి, ఆ నటి కోసం వెతుకులాటనే 1996లో సినిమాగా తీశారు. అందుకోసం జోయి లెనార్డ్ అనే ఫొటోగ్రాఫర్ సుమారు 80 ‘పాత’ ఛాయాచిత్రాలు తయారుచేశారు. చూసినవారు నిజమని నమ్ముతారు. కానీ చివర్లో ఇదంతా కల్పన అని తెర మీదే రాసి చెబుతారు. పోయినదాన్ని ఊహించే హక్కు ఆ మాట చెప్పినందువల్లే వారికి దక్కిందని నా నమ్మకం.

విలియమ్స్ చిత్రాన్ని 2014లోనూ, డున్యే చిత్రాన్ని 2021లోనూ భద్రపరచదగ్గ సినిమాలతో కూర్చే అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చారు.

ఇట్లు,
మీ తాతయ్య