లడ్డూ ఎక్కడుందని అక్క అనుకుంటుంది?

చిత్తూరు నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. "మావాడికి పద్నాలుగేళ్లు. డౌన్ సిండ్రోమ్. ఐక్యూ 48 అని రాసిచ్చారు. పది నోటుకీ ఇరవై నోటుకీ తేడా తెలీదు. కానీ నేను వంటింట్లో కళ్లు తుడుచుకుంటే చాలు, ఎక్కడున్నా వచ్చి పక్కన నిలబడతాడు. ఇంట్లో ఇంకెవరికీ అది పట్టదు. తెలివి తక్కువైతే ఇదెట్లా తెలుస్తుంది?"

డౌన్ సిండ్రోమ్ అంటే పుట్టుకతోనే వచ్చి మేధో ఎదుగుదలను తగ్గించే స్థితి. అందులో 21వ క్రోమోజోమ్ (జన్యువులుండే పోగు) రెండు ఉండాల్సిన చోట మూడు ఉంటాయని 1959లో తేలింది. జన్యువుల సంగతి అంతటితో ఆపుతాను. ఒక్కమాట మాత్రం చెప్పాలి. గ్రహణం రోజున తల్లి కత్తిపీట ముట్టుకోబట్టే బిడ్డ ఇలా పుట్టాడనే మాట తిరుపతిలో పెద్ద చదువులు చదివినవాళ్ల నోట కూడా వింటుంటాను. ఆ అదనపు క్రోమోజోమ్ చాలామందిలో అండం తయారయ్యేటప్పుడే వచ్చి చేరుతుంది, అంటే గర్భం నిలవకముందే. ఇక గ్రహణం ఏం చేస్తుంది, కత్తిపీట ఏం చేస్తుంది?

ఇప్పుడు అసలు ప్రశ్న. 1985లో లండన్‌లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ ఒక ప్రయోగం చేశారు. వాళ్లు వాడినవి రెండు బొమ్మలు, ఒక బుట్ట, ఒక పెట్టె, ఒక గోళీ. మనం దాన్ని మనింటికి తెచ్చుకుందాం. అక్క లడ్డూని స్టీలు డబ్బాలో పెట్టి ట్యూషన్‌కి పోయింది. తమ్ముడు దాన్ని తీసి ఫ్రిజ్‌లో పెట్టాడు. అక్క తిరిగొచ్చింది. లడ్డూ కోసం ముందు ఎక్కడ వెతుకుతుంది?

డబ్బాలో అని మనం ఇట్టే చెప్పేస్తాం. మూడేళ్ల పిల్లలు మాత్రం ఎక్కువమంది ఫ్రిజ్ అంటారు. లడ్డూ అక్కడుందని తమకు తెలుసు కాబట్టి అక్కకీ తెలుసనుకుంటారు. తనకు తెలిసిన నిజాన్ని కాసేపు పక్కన పెట్టి, అక్క బుర్రలో ఉన్న పాత సంగతిని పట్టుకోవడం దాదాపు నాలుగేళ్లకు వస్తుంది.

ఆ ప్రయోగంలో మామూలు పిల్లల్లో 85 శాతం మంది సరిగ్గా చెప్పారు. ఆటిజం (ఎదుటివాళ్లతో కలవడం, మాటామంతీ కష్టమయ్యే స్థితి) ఉన్న 20 మందిలో నలుగురే చెప్పారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న 14 మందిలో 12 మంది చెప్పారు! ఇంకో విశేషం, భాషాపరంగా ఆటిజం పిల్లల మానసిక వయసు, అంటే ఏ వయసు పిల్లల స్థాయిలో ఉన్నారన్నది, సగటున ఐదేళ్లు దాటింది, డౌన్ సిండ్రోమ్ పిల్లలది మూడేళ్ల దగ్గరే ఉంది. "లడ్డూ ఇప్పుడెక్కడుంది? మొదట ఎక్కడుండేది?" లాంటి ప్రశ్నలు కూడా అడిగారు, వాటికి అందరూ సరిగ్గానే జవాబిచ్చారు. అంటే ఆటిజం పిల్లలు జరిగింది మరిచిపోయి తప్పలేదు. ఎదుటివాళ్ల మనసును ఊహించడానికీ ఐక్యూ అంకెకూ ఉన్న సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదు.

అలాగని సంబరపడిపోకూడదు. తర్వాతి పరిశోధనల్లో డౌన్ సిండ్రోమ్ పిల్లలకు అన్నిచోట్లా అంత మంచి ఫలితం రాలేదు. దానికి ఒక కారణం ప్రశ్నలోనే ఉంది. "లడ్డూ ఎక్కడుందని అక్క అనుకుంటుంది" అని అడిగితే, అది వాక్యంలో వాక్యం. చివరిదాకా విని, మొదటి ముక్కను చెవిలో నిలుపుకోవాలి. వరసగా అంకెలు చదివితే పెద్దవాళ్లు ఏడు దాకా తిరిగి చెప్పగలరు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో చాలామంది మూడు, నాలుగు దగ్గర ఆగిపోతారు. అదే చెక్కముక్కలను ఒక వరసలో తట్టి చూపిస్తే, విన్నదానికంటే చూసింది బాగా గుర్తుపెట్టుకుంటారు. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు!" అని గొంతు పెంచే టీచర్లు బలహీనంగా ఉన్న దారిలోనే ఇంకాస్త బరువు తోస్తున్నారు. బొమ్మ గీసి చూపిస్తే ఆ టెన్షన్ ఇద్దరికీ తప్పుతుంది.

బైరాగిపట్టెడలో ఒక టీ అంగట్లో ఇలాంటి కుర్రాడే పనిచేస్తాడు. "ఎనిమిది టీలు" అంటే తికమకపడతాడు. ఓనరు అతనికి ఆరు గళ్ల తీగ క్యారియరు ఇచ్చి, పక్కన విడిగా రెండు గ్లాసులు పెడతాడు. గడి ఖాళీగా ఉంటే గ్లాసు తక్కువైనట్టే, లెక్కతో పనిలేదు. ఇక చక్కెర లేని టీ ఎవరిదో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు, మొహం చూసి ఇస్తాడు.

దీనికి పూర్తిగా ఇంకో కొస విలియమ్స్ సిండ్రోమ్. 7వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క పోవడం వల్ల వస్తుంది. వీళ్లు గలగలా మాట్లాడతారు, కొత్తవాళ్ల దగ్గరికి కూడా నవ్వుతూ వెళ్లిపోతారు. కానీ లడ్డూ లాంటి పరీక్షల్లో ఆ కలుపుగోలుతనానికి తగ్గ మార్కులు రావు. మనుషులంటే ఇష్టం ఉండటం వేరు, మనుషులు అర్థం కావడం వేరు.

మళ్లీ లడ్డూ దగ్గరికి వద్దాం. తమ్ముడి మూతికి బూందీ అంటుకుని ఉంది. "నేను తినలేదు" అన్నాడు. ఇది అబద్ధమా, తమాషానా? అక్కకు తెలీదని వాడనుకుంటే అబద్ధం. అక్క చూసేసిందని వాడికి తెలిస్తే తమాషా. అక్కకు ఏం తెలుసని తమ్ముడు అనుకుంటున్నాడో మనం లెక్కగట్టాలి, అంటే ఒకరి ఊహ లోపల ఇంకొకరి ఊహ. మామూలు పిల్లలకే ఇది ఆరేడేళ్లకు గానీ పట్టుబడదు. మేధో వైకల్యం ఉన్నవాళ్లలో పెద్దయ్యాక కూడా చాలామంది తడబడేది ఇక్కడే, మోసపోయేదీ ఇక్కడే.

ఇప్పుడు ఆ తల్లికి జవాబు. మీ కన్నీళ్లు కనిపెట్టడానికి ఇన్ని మడతలు అక్కర్లేదు, మీ మొహం చూస్తే చాలు. ఆ పనిలో మీవాడికి లోటు లేదు. ఐక్యూ పరీక్షలో దానికి మార్కులు లేవంతే. మన దగ్గర దాంతోపాటు వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ కూడా వాడతారు. ఎడ్గార్ డాల్ 1935లో తయారుచేసిన ఈ కొలతలో ప్రశ్నలు పిల్లవాడిని కాదు, మిమ్మల్ని అడుగుతారు. సొంతంగా తింటాడా, రోడ్డు దాటుతాడా, అంగడికి పోయి వస్తాడా అని. ఇంటి దగ్గర చేసేవన్నీ ఉన్నవున్నట్టు చెప్పండి.

కానీ "మీ అమ్మే పంపింది, ఫోన్ ఇటివ్వు" అని ఎవరైనా అంటే ఆ మాట వెనకున్న మడత వాడికి కనబడకపోవచ్చు. ఎవరిని నమ్మాలో వివరించి లాభం లేదు. ఒక్కటే నేర్పండి: ఎవరేం అడిగినా ముందు అమ్మకు ఫోన్ చేయాలి. మీ ఫొటో పెట్టిన బటన్ ఒకటి స్క్రీన్ మీద ఉంచి, మొదట మీరే దొంగ వేషం వేసి అడగండి. తర్వాత మామయ్యతో అడిగించండి, ఆ తర్వాత వాడికి ముఖపరిచయం లేనివాళ్లతో. తెలిసినవాళ్ల దగ్గర నేర్చింది కొత్తవాళ్ల దగ్గర దానంతటది రాదు, అందుకే ముగ్గురితోనూ చేయించాలి.