పిల్లగాలికి కదిలే పడవ

రేవులో వరసగా కట్టేసి ఉన్న తెరచాప పడవల పక్కన నడుస్తుంటే కన్ను ముందుగా ఒక వంపు దగ్గర ఆగుతుంది. ముందు మొన దగ్గర ఎత్తుగా మొదలై, నడుము దగ్గర దిగి, వెనక్కి వెళ్ళేసరికి మళ్ళీ కాస్త లేచే పైఅంచు అది. ఆ వంపుకు మనసిచ్చేసి పడవ కొన్నవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళను తప్పుపట్టలేం. అయితే అయిదారు నాట్ల గాలి వీచే రోజున ఆ పడవ కదులుతుందా, ఉన్నచోటే ఊగుతుందా అన్నది వేరే రెండు చోట్ల తేలుతుంది. ఒకటి నీటి అడుగున, రెండోది తెరచాపను మోసే స్తంభం కొసన. మొదటిది కంటికి కనపడదు, రెండోదాన్ని తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. (ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు.)

దూరప్రయాణాల పడవ అనగానే చాలామంది మనసులో మెదిలే రూపానికి మూలం నార్వేలో ఉంది. లార్విక్‌కు చెందిన కాలిన్ ఆర్చర్ (1832–1921) తుఫానుల్లో చిక్కుకున్న జాలర్లను కాపాడే రక్షక పడవలకు రూపకల్పన చేశాడు. వాటిలో మొదటిది 1893లో నీళ్ళలోకి దిగింది. రెండు కొసలూ మొనదేలి, నడుము బొద్దుగా, ముందు నుంచి వెనకదాకా సాగే లోతైన కీల్‌తో (పడవ అడుగున నీటిలోకి దిగే భాగం) ఉంటాయి ఆ పడవలు. 1920లలో అమెరికాలో విలియం ఆట్కిన్ ఆ రూపాన్ని 32 అడుగులకు కుదించి ‘ఎరిక్’ అనే నక్షా గీశాడు. దాని ఆధారంగానే మన బొంబాయిలో టేకుతో ‘సుహైలీ’ తయారైంది. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అందులో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, 312 రోజుల్లో భూమిని చుట్టి 1969 ఏప్రిల్ 22న ఫాల్మత్ చేరాడు. అలా చుట్టి రావడం లోకంలో అదే మొదటిసారి. ఇదే వంశంలో 1970లలో కాలిఫోర్నియాలో ఫైబర్ గ్లాస్‌తో వచ్చింది వెస్ట్‌సెయిల్ 32. ఎంతోమంది ఉద్యోగాలు మానేసి సముద్రం మీదికి వెళ్ళిపోవాలని కలలు కన్నది ఈ పడవను చూసే.

ఈ అందం తుఫానులో పుట్టింది. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. 1991 అక్టోబరు చివర్లో అట్లాంటిక్‌లో వచ్చిన భారీ తుఫానులో ‘సటోరీ’ అనే వెస్ట్‌సెయిల్ 32లోంచి ముగ్గురిని అమెరికా కోస్ట్ గార్డు బయటికి తీసింది. ఎవరూ లేని ఆ పడవ తర్వాత పెద్దగా దెబ్బతినకుండా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. తుఫానుకు కట్టిన పడవ తుఫానులో నిలబడింది. కానీ కుటుంబంతో తీరం వెంబడి తిరిగే మనిషికి ఎక్కువగా ఎదురయ్యేది తుఫాను కాదు, పిల్లగాలి. వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళకు దగ్గర్లోనే ఉన్న చెసపీక్ అఖాతం వేసవి మధ్యాహ్నాల్లో అద్దంలా పడుంటుంది. భూమధ్యరేఖ దగ్గరి నిర్వాత మండలాన్నయితే భూమిని చుట్టేవాళ్ళెవరూ తప్పించుకోలేరు. 2017–18లో నావికాదళానికి చెందిన ఆరుగురు మహిళలు గోవాలో కట్టిన ‘తారిణి’లో ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. వాళ్ళలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మనవాళ్ళే. భయంకరమైన దక్షిణ సముద్రం సంగతి అలా ఉంచి, వాళ్ళు కూడా పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఈ మండలాన్ని దాటాల్సిందే.

పిల్లగాలితో చిక్కంతా లెక్కల్లోని ఒక వర్గంలో (స్క్వేర్‌లో) ఉంది. తెరచాప మీద గాలి చూపే బలం గాలి వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. 10 నాట్ల గాలి 5 నాట్లకు పడిపోతే బలం సగం కాదు, పావు వంతే మిగులుతుంది. 20 నాట్లతో పోలిస్తే పదహారో వంతు. బరువైన పడవ 20 నాట్లలో హాయిగా పరుగెత్తి, 5 నాట్లలో మొరాయించడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం నీటి అడుగున ఉంది. కదిలే పడవను నీరు ముఖ్యంగా రెండు రకాలుగా అడ్డుకుంటుంది. ఒకటి, పడవే లేపే అలలు. నీటిగీత అంటే పడవ నీటి మట్టానికి తగిలే చోట దాని పొడవు. అడుగుల్లో ఆ పొడవు వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ అలల వల్ల వచ్చే వేగ పరిమితి నాట్లలో వస్తుంది. వెస్ట్‌సెయిల్ 32 నీటిగీత 27.5 అడుగులు, పరిమితి సుమారు 7 నాట్లు. కానీ 2 నాట్ల వేగంతో పాకుతున్నప్పుడు అలల ఊసే ఉండదు. అప్పుడు అడ్డుపడేది దాదాపు అంతా రెండోదే, పడవ తడి చర్మానికీ, అంటే నీటిలో మునిగి ఉండే పైతలానికీ, నీటికీ మధ్య రాపిడి. మొన నుంచి చుక్కానిదాకా గోడలా దిగిన కీల్ ఉంటే ఆ చర్మం చాలా ఎక్కువ. చేప రెక్కలా నడుమ మాత్రమే దిగే పొట్టి ఫిన్ కీల్, దానికి దూరంగా విడిగా వేలాడే చుక్కాని ఉన్న పడవకు చాలా తక్కువ.

ఈ రాపిడి ఎంత పని చేస్తుందో ఒంటరిగా భూమిని చుట్టే 2018 గోల్డెన్ గ్లోబ్ పోటీలో తేటతెల్లమైంది. సుహైలీ యాత్రకు యాభయ్యేళ్ళైన సందర్భంగా, పొడవు కీల్ ఉన్న పాతకాలపు పడవలతోనే జరిగిన పోటీ అది. గెలిచిన జాన్-లూక్ వాన్ డెన్ హీడ్ 211 రోజుల్లో ముగించాడు. ఫిన్లాండ్‌కు చెందిన తాపియో లెహ్తినెన్‌కు 322 రోజులు పట్టింది. పడవ అడుగున దట్టంగా పట్టిన బార్నకిల్ గుల్లలే ఆ ఆలస్యానికి ప్రధాన కారణం. తడిసిన జంపఖానాను కాలువలో ఈడ్చినట్టే ఉంటుంది అలాంటి పడవ నడక.

ఇప్పుడు కాగితం మీద రెండు పడవలను పక్కపక్కన పెట్టి చూద్దాం. వెస్ట్‌సెయిల్ 32 బరువు సుమారు 8.8 టన్నులు, తెరచాపలు 629 చదరపు అడుగులు. బిల్ లాప్‌వర్త్ 1963లో గీసిన కాల్ 40 దానికంటే పొడవైనదే అయినా బరువు 6.8 టన్నులు, తెరచాపలు 700 చదరపు అడుగులు. పడవ పక్కకు నెట్టే నీటి ఘనపరిమాణాన్ని ఘనపుటడుగుల్లో తీసుకుని, 2/3 ఘాతానికి పెంచి, తెరచాపల వైశాల్యాన్ని దానితో భాగిస్తే డిజైనర్లు తరచూ వాడే నిష్పత్తి వస్తుంది. ఘనపరిమాణాన్ని వైశాల్యంతో సరిచూడటానికే ఆ ఘాతం. అంకె పెద్దదైతే బరువుకు తగ్గ తెరచాప ఎక్కువున్నట్టు. వెస్ట్‌సెయిల్‌కు 14 దగ్గర, కాల్ 40కి 18 దాటి వస్తుంది. అయినా ఈ అంకె సగం కథే చెబుతుంది. పిల్లగాలిలో అసలు అడగాల్సింది తెరచాప వైశాల్యానికీ తడి చర్మపు వైశాల్యానికీ ఉన్న నిష్పత్తి. కంపెనీల కరపత్రాల్లో అది చాలా అరుదుగా కనిపిస్తుంది. కొనేవాళ్ళు పట్టుబట్టి అడగాలి.

తెరచాప వైశాల్యం ఒకటే అయినా దాని ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. నీటికి ఆనుకుని వీచే గాలి రాపిడికి మందగిస్తుంది, పైకి పోయేకొద్దీ చురుకవుతుంది. డెక్కు మీద అగరొత్తి పొగ నిటారుగా లేస్తున్నా, స్తంభం కొసన గాలిసూచిక మెల్లగా తిరుగుతూ ఉండటం చూడొచ్చు. పొట్టి స్తంభం ఆ గాలిని అందుకోలేదు.

ఎత్తుకు కీడు కూడా ఉంది. గాలి లేకపోయినా ఎక్కడో పుట్టిన ఉబ్బలలు వస్తూనే ఉంటాయి. 15 మీటర్ల స్తంభం అటు పది డిగ్రీలు, ఇటు పది డిగ్రీలు ఊగితే దాని కొస 5 మీటర్లకు పైగా తిరుగుతుంది. మూడు సెకన్లలో తిరిగిందంటే సగటున 3.4 నాట్లు. వీస్తున్న గాలే 5 నాట్లు! తెరచాప ఒక ఊపుకు గాలిని పట్టి, మరుసటి ఊపుకు వదిలేసి, టప్పున కొట్టుకుంటుంది. ఆ చప్పుడుకు నిద్ర పట్టదు, కుట్లు పిగులుతాయి, చివరికి ఎవరో ఒకరు లేచి ఇంజన్ తాళం తిప్పుతారు. కదిలే పడవకు మాత్రం ఇక్కడ ఒక వరం ఉంది. గాలి పక్కనుంచి 5 నాట్లతో వీస్తుండగా పడవ 3 నాట్లు అందుకుంటే, తెరచాపకు తగిలే గాలి 5.8 నాట్లవుతుంది, బలం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. తన నడకతో తనే గాలి పుట్టించుకుంటుందన్నమాట. అదే పడవ గాలివాటున నేరుగా పోతే మిగిలేది 2 నాట్లే, బలం ఆరో వంతుకు పడిపోతుంది. అందుకే పిల్లగాలిలో కాస్త పక్కకు తిప్పుకుని, వంకరదారిన పోవడమే మేలు.

ఇంతా చెప్పి అందాన్ని వదులుకోమంటానా? అననే అనను. 1929లో యోహాన్ ఆంకర్ గీసిన డ్రాగన్‌ను చూడండి. పొడవు 8.9 మీటర్లు, వెడల్పు 1.95 మీటర్లే, బరువు 1.7 టన్నులు. ముందూ వెనకా నీటిపైకి సాగిన కొసలతో దానంత సొగసైన పడవలు కొన్నే. పొడవు కీల్ ఉన్నా సన్నగా, తేలిగ్గా ఉండి పిల్లగాలిలో జారిపోతుంది. మొదట్లో అందులో ఇద్దరు పడుకునే చోటు కూడా ఉండేది. సాగిన కొసలు గాలి తక్కువున్నప్పుడు నీటికి తగలవు, తడి చర్మం తగ్గుతుంది. గాలి పెరిగి పడవ ఒరిగితే అవి నీటిలోకి దిగి నీటిగీతను పొడిగిస్తాయి. అలాగని కొత్త రూపమంతా వేగం కాదు. వెనక భాగం పడకగదుల కోసం వెడల్పుగా సాగదీసిన నేటి పడవలు సామాన్ల బరువుకు దిగబడి, వెనక నీటిని ఈడ్చుకుంటూ పోతాయి. అందానికీ పిల్లగాలికీ పగ ఉందనే మాటను నేను ఒప్పుకోను. పిల్లగాలికి పగ బరువుతో, తడి చర్మంతో, పొట్టి స్తంభంతో.

బొద్దు పడవనే ప్రేమించినవాళ్ళకూ దారులున్నాయి. ఎప్పుడూ విచ్చుకునే ఉండే మూడు రెక్కల ప్రొపెల్లర్‌ను తీసేసి ముడుచుకునేదాన్ని పెట్టించాలి. అడుగు నున్నగా ఉంచాలి. పలచటి నైలాన్ తెరచాప ఒకటి కొనాలి, ఎందుకంటే బరువైన గుడ్డ అంత చిన్న గాలికి తన ఆకారం తాను నిలుపుకోలేదు. పడవలోని మనుషులు గాలి పోయే వైపుకు జరిగి కూర్చుంటే పడవ కాస్త ఒరిగి, తెరచాప తన బరువుతోనే వంపు తిరుగుతుంది. చాలా పడవల్లో తడి చర్మం కూడా కొంత తగ్గుతుంది.

కొనేముందు మాత్రం 5 నాట్ల గాలి రోజున, మంచినీళ్ళ ట్యాంకులు నింపి, ఇంజన్ ఆపి నడిపి చూడాలి. గాలికి ఎదురుగా మొన తిప్పి రెండో వైపుకు మళ్ళించండి. మలుపులో వేగమంతా పోగొట్టుకుని మధ్యలో నిలబడిపోతుందా, ఊపు నిలుపుకుని అవతలికి వస్తుందా చూడండి. గాలి లేదు, ఇంకోరోజు వద్దాం అని అమ్మేవాళ్ళంటే, ఆ రోజే వెళ్తామని గట్టిగా చెప్పండి.