వాలుగకు ఒంటినిండా నాలుకే

మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డునున్న సిరొంచ నుంచి ఒక కుర్రాడు నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. చదువంతా మరాఠీలో, ఇంట్లో మాట తెలుగు. "సార్, పెద్ద వాలుగకు ఎన్నో నంబర్ గాలం కావాలె? ఏడ వెయ్యాలె? మా తాతేమో గాలం మొత్తం ఎరతోని కప్పాలె, ఇనుము తెలిస్తే వాలుగ రాదంటడు. నిజమేనా?" అని అడిగాడు. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉంది, వాలుగ మీసాల్లో.

నంబర్ల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. 10, 8, 6 అని నంబరు తగ్గేకొద్దీ గాలం పెద్దదవుతుంది. 1 దాటాక లెక్క తిరగబడి 1/0, 2/0, 3/0 అని నంబరుతో పాటే గాలమూ పెరుగుతుంది. షాపులో పొరపాటు పడకుండా ఉండటానికి ఇంత చాలు. అసలు సంగతి చేప వైపు నుంచి చూడాలి.

చిన్నప్పుడు బళ్లో నాలుక బొమ్మ గీసి, కొసన తీపి, వెనక చేదు అని గడులు గీయించేవారు. అది తప్పని ఎప్పుడో తేలింది, నాలుక మీద అన్నిచోట్లా అన్ని రుచులూ తెలుస్తాయి. నేను సైన్సు చెప్పేటప్పుడు ఆ బొమ్మ చెరిపేసి, పక్కన మీసాల చేప బొమ్మ వేసి, తల నుంచి తోక దాకా చుక్కలు పెట్టేవాణ్ణి. ఆ చుక్కలన్నీ రుచిమొగ్గలు. మన రుచిమొగ్గలు నోట్లోనే ఉంటాయి. మీసాల చేపలకు మీసాల మీద, పెదవుల మీద, పొట్ట మీద, వీపు మీద, ఆఖరికి తోక మీద కూడా ఉంటాయి. అమెరికా నదుల్లో ఉండే చానెల్ క్యాట్‌ఫిష్ ఒంటి మీద ఇవి లక్షకు పైనే. మాంసంలో ఉండే అలనిన్, ఆర్జినిన్ లాంటి అమైనో ఆమ్లాలు నీటిలో వంద కోట్ల వంతుల్లో లెక్కించాల్సినంత కొద్దిగా కలిసినా దాని మీసం నరం పలుకుతుందని 1975లో ప్రయోగాల్లో నమోదైంది. అంతకు ముందు 1967లో, ముక్కు పని చేయకుండా చేసిన మీసాల చేపలు కూడా ఒట్టి రుచితోనే దూరాన ఉన్న ఎర దగ్గరికి చేరుకున్నాయి.

మన వాలుగకు మీసాలు రెండు జతలు. కింది జత పొట్టి, పై జత బాగా పొడుగు. జెల్లకైతే నాలుగు జతలు. ఎడమ మీసానికి రుచి గట్టిగా తగిలితే ఎడమకు, కుడి మీసానికి తగిలితే కుడికి తిరుగుతూ చేప ఎదురీదుతుంది. బురద నీళ్లలో, అర్ధరాత్రి, కళ్లతో పనే లేదు.

కాబట్టి నదిలో వేసేది గాలం ఒక్కటే కాదు. గాలానికి గుచ్చిన ఎర రుచి నీటితో పాటు దిగువకు తాడులా సాగుతుంది, అదే రుచితాడు. అది కంటికి కనబడదు. వాలుగ ముందుగా పట్టుకునేది దాన్నే. ఎక్కడ వెయ్యాలి అన్న ప్రశ్నను ఇలా మార్చి అడగాలి: రుచితాడు ఎక్కడ తెగకుండా పారుతుంది?

పూర్తిగా నిలిచిపోయిన నీటిలో అది పారదు. నీటిలో ఒక అమైనో ఆమ్లపు అణువు తనంతట తాను ఒక్క సెంటీమీటరు దూరం జరగడానికి పన్నెండు గంటలు దాటుతుంది. అంటే ప్రవాహం లేకపోతే రాత్రి వేసిన ఎర రుచి తెల్లారేసరికి మన వేలెడు దూరం కూడా పోదు. అదే నీరు సెకనుకు 20 సెంటీమీటర్ల చొప్పున పారుతుంటే, పది నిమిషాల్లో ఆ రుచి 120 మీటర్ల దిగువకు చేరుతుంది. మరీ ఉరవడిగా, బండల మీద నురగలు కక్కుతూ పారినా లాభం లేదు. సుళ్లు తాడును పీచుపీచుగా చింపేస్తాయి, ఏ పీచు ఎటు నుంచి వచ్చిందో చేపకు అంతుపట్టదు. మేడిగడ్డ బ్యారేజీలో నీళ్లు నిలిపినప్పటి ప్రాణహిత వేరు. 2023 అక్టోబరులో అక్కడ స్తంభాలు కుంగి, నీళ్లు వదిలేశాక పారుతున్న ప్రాణహిత వేరు. ఒకే రేవైనా, రుచితాడు లెక్కలో అవి రెండు నదులు.

వడి నీరు, నెమ్మది నీరు పక్కపక్కన రాసుకుంటూ పారే గీత ఒకటుంటుంది. నీటి మీద ఆకులు, నురగ వరసకట్టి పోతుంటే అదే ఆ గీత. నెమ్మది నీటి వైపు, ఆ గీతను ఆనుకుని వేసిన ఎర రుచి చెదరకుండా చాలా దూరం పోతుంది. సిరొంచ వాళ్లకు ఇది వెతుక్కునే పని కూడా లేదు. గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతుకు పైగా నేల మీది నీటిని మోసుకొచ్చే ప్రాణహిత, కాళేశ్వరం ఎదుట గోదావరిలో కలిసేచోట రెండు నీళ్లూ కొంతదూరం కలవకుండా పారుతూ ఆ గీతను గీసి చూపిస్తాయి.

మలుపుల దగ్గర ఇంకో చిక్కుంది. ఒక స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, చిటికెడు చాయ్‌పత్తా వేసి, చెంచాతో గిరగిరా తిప్పి వదిలేయండి. పొడి అంచులకు చేరాలి కదా? చేరదు, అడుగున మధ్యలో కుప్ప పడుతుంది. పై నీరు అంచు వైపు తోసుకుపోతే, గ్లాసు అడుగు రాపిడికి నెమ్మదించిన కింది నీరు మధ్యకు తిరిగొస్తుంది. నది మలుపులు కూడా ఇలాగే ఏర్పడతాయని ఐన్‌స్టీన్ 1926లో ఒక వ్యాసం రాశాడు. మలుపులో పై నీరు బయటి ఒడ్డును కోసి మడుగు చేస్తుంది. కింది నీరు ఇసుకను లోపలి ఒడ్డుకు మోసి తిన్నె పోస్తుంది. పగలు వాలుగ ఆ మడుగులో, కోసుకుపోయిన గట్టు కింద, చెట్ల వేళ్ల సందున పడుకుంటుంది. మన వాళ్లు తిన్నె మీద నిలబడటం సులువని తిన్నె వాలులో గాలం వేస్తారు. అడుగు నీరు మడుగు నుంచి తిన్నె వైపు వస్తుంది కాబట్టి అక్కడి ఎర రుచి మడుగుకు చేరదు. మడుగు మొదలయ్యేచోట, ఎగువ కొసన, బయటి ఒడ్డు వైపు వేయాలి. అప్పుడు రుచితాడు మడుగు అడుగంతా తడుముకుంటూ పోతుంది.

బతికున్న చిన్న చేపను ఎరగా గుచ్చితే ఇంకో తాడు కలుస్తుంది. అది ఈదిన దారిలో నీరు కొన్ని క్షణాల పాటు అలజడిగా ఉంటుంది. మన వాలుగ కుటుంబానికే చెందిన ఐరోపా వెల్స్ చేప, కటిక చీకటిలో గప్పీ చేపల వెంట పడటాన్ని 2001లో ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూశారు. పది సెకన్ల కిందట గప్పీ పోయిన దారిని కూడా అది పట్టుకుంది. గప్పీ పొడవుకు 55 రెట్ల దూరం దాకా అదే వంకరటింకర దారిలో వెంబడించింది. అమావాస్య రాత్రి వాలుగ బాగా పడుతుందన్న మాటను నేను కొట్టిపారేయను. కానీ గాలం పట్టుకుని బయల్దేరేటప్పుడు "ఎక్కడికి?" అని ఎవరైనా అడిగితే ఇక చేప పడదని ఇంట్లో ఆడవాళ్ల మీద విరుచుకుపడేవాళ్లను చూశాను, అది నాకు బాధ కలిగిస్తుంది. ఇంట్లో మాట మడుగులోని చేపకు వినపడదు. గట్టు మీద దబదబా నడిస్తే మాత్రం తెలుస్తుంది. దాని గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా అదురును చేరవేసే చిన్న ఎముకల గొలుసు ఉందని 1820లోనే వెబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వర్ణించాడు.

ఇప్పుడు తాత మాటకొద్దాం. తాతది మూఢనమ్మకం కాదు. 1917లో పార్కర్, వాన్ హ్యూసెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, కళ్లు కప్పిన మీసాల చేప దగ్గరికి గాజు కడ్డీ తెచ్చారు. తగిలేదాకా అది కదల్లేదు. లోహపు కడ్డీ తెస్తే కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచే పసిగట్టింది. లోహం నీటిలో ఉంటే దాని చుట్టూ అతి చిన్న విద్యుత్తు పారుతుంది. చేప చర్మంలోని సన్నటి గుంటల్లాంటి గ్రాహకాలు దాన్ని గుర్తుపడతాయి. లోహం ఎక్కువగా నీటిని తాకినప్పుడు చేప వెనక్కి పోయింది, కాస్తే తాకినప్పుడు దగ్గరికొచ్చి కొరికింది! ఉక్కు గాలానికి ఉక్కు తీగ, దానికి ఆనుకుని సీసపు గుండు కట్టామంటే నీటిలో ఒక బుల్లి బ్యాటరీ తయారైనట్టే. వాలుగ పళ్లు నైలాన్ దారాన్ని కోసేస్తాయి కనుక తీగ తప్పదు. అందుకని తీగకూ గుండుకూ మధ్య జానెడు నైలాన్ దారం వదలాలి.

ఎరతో కాడ, వంపు కప్పొచ్చు. ముల్లు కొసను మాత్రం బయటికి వదలాలి. తాత మాటలో నేను మార్చేది అంతవరకే. పాత జె ఆకారపు గాలాన్ని చేప గొంతులోకి మింగేస్తుంది, చిన్న చేపను వదిలేద్దామన్నా అది బతకదు. కొస కాడ వైపు గుండ్రంగా తిరిగిన సర్కిల్ గాలం వేరు. చేప మింగి పక్కకు తిరిగినప్పుడు అది గొంతులో గుచ్చుకోకుండా జారుతూ వచ్చి, నోటి మూలన దవడను చుట్టుకుంటుంది. కొసకూ కాడకూ మధ్య సందు ఎరతో నిండిపోతే ఆ దవడ పట్టే చోటుండదు. ఆ సందును బట్టే నంబరు ఎంచుకోవాలి. ఎర గుచ్చాక కూడా మన చూపుడు వేలు దూరేంత ఖాళీ మిగలాలి.

దారం కదలగానే లాగొద్దని కూడా కుర్రాడికి చెప్పాను. లాగితే సర్కిల్ గాలం నోట్లోంచి ఊడివస్తుంది. వాలుగ ఇప్పుడు అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ ఎర్ర జాబితాలో 'వల్నరబుల్' అని గుర్తించిన చేపల్లో ఒకటి. వానలు పడ్డాక గుడ్ల కోసం ఎదురెక్కుతుంది. పొట్ట నిండుగా ఉన్నది పడితే వదిలెయ్యమన్నాను. సరేనన్నాడు.

మొన్న మళ్లీ మెసేజ్ వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి గీత పక్కన వేశాడట. పది దాటాక దారం ముందు సడలిందట. దిగువ నుంచి రుచితాడు పట్టుకుని ఎదురొచ్చిన చేప ఎరను అందుకుని ఇంకో రెండు బారలు ముందుకు వచ్చి ఉంటుంది. తర్వాత మెల్లగా దిగువకు తిరిగింది, దారం బిగిసింది. ఫొటోలో టార్చి వెలుగు. గాలం నోటి మూలన, సరిగ్గా దవడ మలుపులో ఉంది. పొడుగు మీసం ఒకటి కుర్రాడి మణికట్టు మీద పడి ఉంది.