తెలుగు టైపింగ్‌కు ఇన్ని కీబోర్డులు ఎందుకొచ్చాయి?

పాతికేళ్లుగా తెలుగు డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పని) చేస్తున్న మనిషిని పిలిచి "వచ్చే నెల నుంచి అంతా యూనికోడ్‌లోనే కావాలి, ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి" అని చెబితే ఆయనకు టెన్షన్ మొదలవుతుంది. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ప్రతి అక్షరానికీ ఒకే సంకేతం ఉండే పద్ధతి, ఇన్‌స్క్రిప్ట్ అంటే తెలుగు కొట్టే ఒక కీబోర్డు వరస. ఇన్నాళ్లూ రాతప్రతి మీదే కళ్లు పెట్టి, కీబోర్డు వైపు చూడకుండా పేజీలకు పేజీలు కొట్టిన వేళ్లు ఇప్పుడు 'క' ఎక్కడుందో వెతుక్కోవాలి. పేజీకి ఇంత అని డబ్బులు తీసుకునేవాళ్లకు స్పీడు పడిపోతే ఆదాయం కూడా పడిపోతుంది. అదే ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు రప్పిస్తుంటాడు. ఒకరి కంప్యూటర్ దగ్గర ఇంకొకరు కూర్చుంటే చిన్న ఉత్తరం కూడా పూర్తి కాదు.

దీన్ని కొత్తది నేర్చుకోవడానికి ఇష్టం లేకపోవడం అని తేల్చేయడం అన్యాయం. తెలుగును యంత్రం మీదికి ఎక్కించినప్పుడల్లా ఒక లేఔట్, అంటే ఏ అక్షరం ఏ కీ మీద ఉండాలో చెప్పే వరస, పుట్టింది. యంత్రం పోయినా దాని మీద నేర్చుకున్న వేళ్లు మిగిలాయి. ఆ వేళ్ల గురించి ఎవరూ ఆలోచించలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మొదటి యంత్రం టైప్‌రైటర్. అమెరికాలోని మిల్వాకీలో క్రిస్టొఫర్ షోల్స్, ఆయన సహచరులు 1868లో పేటెంటు తీసుకున్న యంత్రాన్ని రెమింగ్టన్ కంపెనీ 1874లో మార్కెట్లోకి తెచ్చింది. ఈనాటికీ మన కీబోర్డుల మీద ఉన్న క్వర్టీ (QWERTY) వరస అప్పటి నుంచి వస్తున్నదే. అక్షరాలు కొట్టే కడ్డీలు ఒకదానికొకటి తగులుకోకుండా అక్షరాలను అలా పేర్చారని చాలామంది చెబుతారు. టెలిగ్రాఫ్ ఆపరేటర్ల అవసరాలే ఆ వరసను తీర్చాయని జపాన్ పరిశోధకులు వాదించారు. కారణం ఏదైనా ఆ చట్రం ఇంగ్లిష్ కోసం తయారైంది. ఇరవై ఆరు అక్షరాలు, పక్కపక్కనే కూర్చునే రాత.

తెలుగు అలా కూర్చోదు. హల్లు మీద తలకట్టో గుడో ఉంటుంది, కింద వత్తు ఉంటుంది, పక్కన కొమ్ము ఉంటుంది. వీటన్నిటినీ అదే చట్రంలో ఇరికించాలంటే అక్షరాన్ని ముక్కలు చేయక తప్పలేదు. తెలుగు టైప్‌రైటర్ మీద కొట్టేది అక్షరాలు కాదు, అక్షరాల ముక్కలు. కొన్ని కీలు నొక్కితే కాగితం జరగదు. ఆ గుర్తు పడ్డ చోటే తర్వాతది వచ్చి కూర్చుంటుంది. ఏ ముక్క ముందు, ఏది తర్వాత అన్నది ఉచ్చారణను బట్టి కాక ఆకారాన్ని బట్టి ఉంటుంది. నేర్చుకోవడానికి నెలలు పట్టేది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చి కార్యాలయాల్లో తెలుగు వాడకానికి దారి వేసింది. ఊరూరా టైప్ ఇన్‌స్టిట్యూట్లలో ఇంగ్లిష్ లోయర్, హయ్యర్ పక్కన తెలుగు లోయర్, హయ్యర్ కూడా చేరాయి. సాంకేతిక విద్యా శిక్షణ మండలి పెట్టే ఆ పరీక్ష పాసైన సర్టిఫికెట్ చూపించి ఎంతోమంది ఉద్యోగాల్లో చేరారు.

తర్వాత డీటీపీ వచ్చింది. మెకింతోష్ మీద తెలుగు కూర్చిన రోజుల నుంచి 'ఆపిల్' లేఔట్ మిగిలింది. శ్రీలిపి లాంటి ప్యాకేజీలతో 'మాడ్యులర్' వచ్చింది. పీసీ మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్, దానికి తోడు తెలుగు కొట్టే అను స్క్రిప్ట్ మేనేజర్ అన్నది తెలుగు ప్రింటింగ్ ప్రెస్సుల్లో స్థిరపడిపోయిన జంట. అనులో కీబోర్డును ఎంచుకునే వీలుంది కాబట్టి ఎవరు నేర్చుకున్నది వాళ్లు పెట్టుకున్నారు. పెళ్లి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, కవితా సంపుటాలు, గైడ్లు ఎన్నో ఈ జంట చేతుల మీదుగా వచ్చినవే. డీటీపీ ఆపరేటర్లు లేకపోతే ఆ దశకాల తెలుగు పుస్తకమే లేదు. వాళ్ల పేర్లు మాత్రం పుస్తకంలో 'టైప్‌సెట్టింగ్' అన్న మాట దగ్గర, అది కూడా ఎప్పుడో ఒకసారి కనిపిస్తాయి.

ఆ పద్ధతిలో ఒక లోపం లోపలే దాగి ఉంది. ఆ ఫాంట్లలో తెలుగు బొమ్మలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో పెట్టారు. తెర మీద తెలుగే కనిపిస్తుంది, ఫైలులో ఉన్నది మాత్రం ఇంగ్లిష్ గుర్తులు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తుల గుంపు కనబడుతుంది. మెయిల్‌లో పెట్టినా అంతే. వెతికితే దొరకదు, అకారాది క్రమంలో పేర్చలేం. పత్రికలు వెబ్‌సైట్లు మొదలుపెట్టినప్పుడు ఒక్కొక్కటి ఒక్కో ఫాంటు వాడాయి. ఒక పత్రిక చదవాలంటే ఆ పత్రిక ఫాంటు దించుకోవాల్సి వచ్చేది. ఆ గజిబిజిని యూనికోడ్‌లోకి మార్చి చూపించే 'పద్మ' లాంటి పనిముట్లను తెలుగువాళ్లే సొంతంగా తయారుచేసుకున్నారు.

వీటన్నిటికీ పరిష్కారం అప్పటికే కాగితం మీద ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై తర్వాత పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్‌కు చేరిన జిస్ట్ (భారతీయ లిపుల సాంకేతికత) పరిశోధనల కాలంలోనే, 1986లో, కేంద్ర ఎలక్ట్రానిక్స్ విభాగం భారతీయ భాషలన్నిటికీ ఒకే కీబోర్డును ప్రమాణంగా తెచ్చింది. అదే ఇన్‌స్క్రిప్ట్. 1991లో భారతీయ లిపుల అక్షరాలకు సంకేతాలిచ్చే ఇస్కీ కోడ్‌తో పాటు ఐఎస్ 13194 అనే భారతీయ ప్రమాణంలోకి వచ్చింది. యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది కూడా ఆ ఏడాదే. అందులో తెలుగు అక్షరాల వరసకు ఆధారం ఇస్కీయే.

ఇన్‌స్క్రిప్ట్‌లో ఆకారాలు లేవు, వర్ణమాల ఉంది. గుణింతపు గుర్తులు, అచ్చులు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. క ఉన్న కీని షిఫ్ట్‌తో నొక్కితే ఖ, త మీద థ, ప మీద ఫ, చ మీద ఛ. గుడి ఉన్న కీ మీదే షిఫ్ట్‌తో ఇ, కొమ్ము మీద ఉ. వత్తులకు వేరే కీలు అక్కర్లేదు. రెండు హల్లుల మధ్య పొల్లు పెడితే చాలు, వత్తు సంగతి ఫాంటు చూసుకుంటుంది.

'స్త్రీ' అన్న ఒక్క అక్షరాన్ని తీసుకుందాం. కుడి చేత్తో స, ఎడమ చేత్తో పొల్లు, కుడితో త, ఎడమతో పొల్లు, కుడితో ర, ఎడమతో దీర్ఘపు గుడి. ఆరు నొక్కులు, షిఫ్ట్ అవసరం లేదు, ఒక్కసారి కూడా ఒకే చెయ్యి వరసగా రెండు కొట్టదు. 'తెలుగు' కొట్టినా అదే నడక: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. అక్షరం రాసే తీరును బాగా ఎరిగినవాళ్లు చేసిన పని ఇది. నా దృష్టిలో తెలుగుకు ఇంతకన్నా పొందికైన కీబోర్డు ఇప్పటికీ లేదు. పైగా క ఉన్న చోటే హిందీలో, కన్నడంలో, తమిళంలో కూడా క ఉంటుంది.

అమెరికాలో ఆగస్ట్ డ్వొరాక్ ఇంగ్లిష్‌కు చేసింది ఇలాంటి ఆలోచనే. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆయన అచ్చులన్నీ ఎడమ చేతి కింద మధ్య వరసలో పెట్టి, ఎక్కువగా వాడే హల్లులను కుడి చేతికి ఇచ్చి 1936లో పేటెంటు పొందారు. 1982లో దానికి అమెరికా జాతీయ ప్రమాణం హోదా దక్కింది. అయినా ప్రపంచం క్వర్టీని వదల్లేదు. మెరుగైనది వచ్చినా పాతదానికి అలవాటుపడ్డ మార్కెట్టు కదలదని పాల్ డేవిడ్ అనే ఆర్థికవేత్త 1985లో దీన్నే ఉదాహరణగా చూపించారు. డ్వొరాక్ గొప్పదనానికి గట్టి రుజువులే లేవని లీబొవిట్జ్, మార్గొలిస్ 1990లో ఎదురు వాదన చేశారు. ఈ రెండు వాదనల మధ్యా తేలని ప్రశ్న ఒకటే: టైపిస్టును మళ్లీ కూర్చోబెట్టి నేర్పించే ఖర్చు, ఆ తర్వాత పెరిగే వేగంతో తిరిగి వస్తుందా?

తెలుగులో ఆ లెక్క ఎవరూ వేయలేదు. ప్రమాణం ప్రకటించారు, దాన్ని నేర్పించే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో తెలుగును తెచ్చింది. కానీ అది కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, సంక్లిష్ట లిపుల దగ్గర టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వెయ్యాలి. సీడీ చేతిలో లేని ఇంటర్నెట్ సెంటర్లలో అంతటితో ఆగిపోయేది. అచ్చు వైపు చూస్తే పేజ్‌మేకర్‌కు యూనికోడ్ అర్థమే కాదు. తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో తెలుగు వత్తులు సవ్యంగా కూర్చోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ప్రెస్సు పని చేసేవాళ్లకు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నా దాన్ని వాడే చోటు లేదు. వాడని విద్యను ఎవరు మాత్రం ఎందుకు నేర్చుకుంటారు?

ఈలోగా ఇంకో దారి విదేశాల నుంచి తెరుచుకుంది. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగును తేడా లేకుండా రాసే పద్ధతి ఒకటి కుదుర్చుకున్నారు. ఆర్‌టీఎస్ అంటే అదే. చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. యూస్‌నెట్ అనే ఇంటర్నెట్ వేదిక చర్చల్లో పద్యాలు కూడా ఇలాగే రాసుకున్నారు. 2000లలో వీవెన్ తయారుచేసిన 'లేఖిని' దీన్ని బ్రౌజర్‌లోకి తెచ్చింది. పై పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలు కొడుతుంటే కింది పెట్టెలో తెలుగు వస్తుంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. తెలుగు బ్లాగులు పుట్టింది, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నిండింది ఎక్కువగా ఈ దారినే. తర్వాత గూగుల్ లిప్యంతరీకరణ, ఫోన్లలో జీబోర్డ్ వచ్చాయి. 2019లో విండోస్ 10 తెలుగు ఫొనెటిక్ కీబోర్డును లోపలే చేర్చింది.

ఆ దారికి నేను ఎంతో విలువ ఇస్తాను. అది లేకపోతే ఇంటర్నెట్‌లో తెలుగు ఇంత త్వరగా కనబడేది కాదు. కానీ దాని ఇబ్బంది దానికుంది. చాటింగ్‌లో 'త'ను 'టీహెచ్' అని రాసే అలవాటుతో లేఖిని ముందు కూర్చుంటే 'థెలుగు' వస్తుంది. ఊహించి దిద్దే కీబోర్డులు ఆ తప్పును సర్దుతాయి, వాటికి తెలియని ఊరి పేరో ఇంటిపేరో వస్తే ఇంకేదో మాట పెడతాయి. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు తమ మాట రాసుకోవడానికి ముందు దాని ఇంగ్లిష్ స్పెల్లింగు ఆలోచించాల్సి రావడం నాకు బాధగా అనిపిస్తుంది.

చుట్టుపక్కల రాష్ట్రాలు ఏం చేశాయో చూడాలి. తమిళనాడులో 1999 ఫిబ్రవరిలో చెన్నైలో జరిగిన తమిళ్‌నెట్ సదస్సు నుంచి తమిళ్99 లేఔట్ వచ్చింది, ప్రభుత్వం దాన్ని ఆమోదించింది. కర్ణాటకలో కన్నడ గణక పరిషత్తు లేఔట్ 'నుడి' ద్వారా ఆఫీసుల్లో నిలదొక్కుకుంది. కేరళ ఇన్‌స్క్రిప్ట్‌నే తీసుకుని బడిలోకి పంపింది. అక్కడ ఐటీ పాఠాల్లో పిల్లలు మలయాళం టైపింగ్ నేర్చుకుంటారు, బడుల ఐటీ మేళాలో దానికి పోటీ కూడా పెడతారు. మూడూ వేర్వేరు నిర్ణయాలు. అయినా మూడు చోట్లా ప్రకటనతో ఆగకుండా జనం చేతికి అందేదాకా నడిపించారు.

మనకిప్పుడు ఒక వెసులుబాటు ఉంది, దాన్ని ఆఫీసులు సరిగా అర్థం చేసుకోవడం లేదు. డీటీపీ రోజుల్లో ఫాంటు, కోడు, కీబోర్డు ఒకే కట్టగా వచ్చేవి. యూనికోడ్ ఆ కట్ట విప్పేసింది. ఏ కీ నొక్కితే 'క' వచ్చిందన్నది ఫైలుకు అనవసరం, లోపల పడేది ఒకే 'క'. లినక్స్‌లో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆపిల్, ఆర్‌టీఎస్, సరళ, పోతన లేఔట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. విండోస్‌లో కూడా ఆపిల్ వరసతో యూనికోడ్ కొట్టే సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి. కాబట్టి పాతికేళ్ల అనుభవం ఉన్న ఆపరేటర్‌ను యూనికోడ్‌కు మారమనడం న్యాయమే. ఆయన వేళ్లను కూడా మార్చుకోమనడం అనవసరం. ఆ రెండూ ఒకటే అనుకున్నందువల్లే పని తెలిసిన మనుషులు "ఇది మనవల్ల కాదు" అని పక్కకు తప్పుకుంటున్నారు.

కొత్తగా నేర్చుకునేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు వదిలించుకోవాల్సిన అలవాటు లేదు. ఆరో తరగతి పిల్లలకు గుణింతాలు నోటికొచ్చు, ఇన్‌స్క్రిప్ట్ అడిగేది కూడా ఆ గుణింతాలే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్లో కంప్యూటర్ పీరియడ్ ఉన్న చోట వారానికి ఒక గంట దీనికి ఇవ్వాలి. ఉద్యోగుల్లో ఎవరైనా ఇష్టపడి ఇన్‌స్క్రిప్ట్‌కు మారతామంటే ఆ కొన్ని నెలలు పని లెక్క తగ్గించి, జీతం తగ్గించకుండా నేర్చుకోనివ్వాలి. పేజీ లెక్కన బతికే డీటీపీ ఆపరేటర్‌కు ఆ గడువు ఇచ్చే యజమాని లేడు. అలాంటివాళ్లకు శిక్షణ కాలంలో భృతి ఇచ్చే పథకం ఒకటి భాషా సంఘాలు, అకాడమీలు తలపెట్టాలి.