ఆర్జే పని అంటే నాలుగు పాటలేసుడేనా? అపోహలు – వాస్తవాలు

"మీ ఆయనకేందమ్మా, ఏసీ రూంల కూసొని నాలుగు పాటలేసుడు, రెండు ముచ్చట్లు చెప్పుడు." హన్మకొండలో ఏ పెళ్లికి పోయినా ఈ మాట నా చెవిన పడుతుంది. మా ఆయన ఏళ్ల తరబడి ఎఫ్ఎంలో ఆర్జేగా, అంటే షో నడిపే రేడియో జాకీగా ఉన్నారు. నేను అదే రంగంలో ప్రొడక్షన్ చూస్తాను. వినేవాళ్లకు అలవోకగా వినిపించడమే ఈ పనిలోని నైపుణ్యం. ఆ అలవోకతనాన్ని చూసి పనిని తక్కువ చేస్తుంటే ఊరుకోబుద్ధి కాదు, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తనకు నచ్చిన పాటలు వేసుకుంటాడు

ప్రైవేటు ఎఫ్ఎంలలో పాటల వరుసను మ్యూజిక్ మేనేజర్ సాఫ్ట్‌వేర్‌లో ముందే పెడతారు. ఏ పాట ఎన్ని గంటలకు మళ్లీ రావచ్చు, ఒకే గాయకుడి పాటల మధ్య ఎంత ఎడం ఉండాలి, రెండు నెమ్మది పాటలు పక్కపక్కన పడకుండా ఎలా చూడాలి అన్నీ అందులోనే నిర్ణయమైపోతాయి. ఆర్జే స్టూడియోలోకి వచ్చేసరికి ఆ పాటల జాబితా (లాగ్) తెర మీద సిద్ధంగా ఉంటుంది. "మా మరదలి పెళ్లికి ఆ పాట వెయ్యమను" అని అడిగేవాళ్లు ఇది గమనించాలి. వెయ్యకపోతే అది పొగరు కాదు.

అపోహ: నోటికొచ్చింది మాట్లాడతాడు

అన్నిటికంటే పెద్ద అపోహ ఇదే. గంటకు పది పన్నెండు పాటలు, వాటి మధ్య స్పాట్లు (వ్యాపార ప్రకటనలు), జింగిల్స్ (స్టేషన్ పేరు వినిపించే చిన్న పాట ముక్కలు) పోగా ఆర్జే గొంతు వినిపించేది కొద్ది నిమిషాలే. ఒక్కో లింక్, అంటే పాటల మధ్య ఆర్జే మాట్లాడే ముక్క, ముప్పై సెకన్ల నుంచి నిమిషం దాకా ఉంటుంది. అందులోనే ఒక విషయం మొదలై, మలుపు తిరిగి, ముగియాలి. రెండు విషయాలు ఇరికిస్తే రెండూ చెడతాయి. అందుకే మంచి ఆర్జే ముందుగా చివరి వాక్యం రాసుకుంటారు. ఎక్కడ ఆగాలో తెలియకుండా మైకు తెరిస్తే "సో... అదన్నమాట" అంటూ సాగదీయక తప్పదు.

పాట మీద మాట్లాడటం ఇంకా సున్నితం. తెర మీద పాట పేరు పక్కనే ఇంట్రో టైం ఉంటుంది. గాయకుడు గొంతెత్తేదాకా ఎన్ని సెకన్ల వాయిద్యం ఉందో అది చూపిస్తుంది. పద్నాలుగు సెకన్ల ఇంట్రో ఉందనుకోండి. చివర ఒకటి రెండు సెకన్లు వదిలేస్తే మిగిలేది పన్నెండు. తెలుగులో హాయిగా మాట్లాడితే సెకనుకు రెండు మాటలు, అంటే మొత్తం ఇరవై నాలుగు మాటలు. స్టేషన్ పేరు, టైం, తర్వాత వచ్చే విషయం అన్నీ అందులోనే సర్దాలి. ఒక్క మాట ఎక్కువైతే గాయకుడి మీద పడతారు. ఒక మాట ముందే అయిపోతే ఏమీ కాదు, సంగీతం కాసేపు వినపడుతుంది, అంతే. కాబట్టి తడబడితే మాట మింగెయ్యాలి గానీ తొందరపడి పరుగెత్తకూడదు.

మైకు దూరం సంగతి కూడా చెప్పాలి. నోటికి మైకు నాలుగు వేళ్ల నుంచి జానెడు లోపు ఉండాలి. మరీ దగ్గరికి పోతే గొంతులో బరువు పెరిగి మాట బొంగురుగా, ముద్దగా వస్తుంది. దూరం పోతే గదిలోని ప్రతిధ్వని వినపడుతుంది. ప, బ, భ అక్షరాల దగ్గర గాలి నేరుగా మైకును కొట్టి 'ఠప్' మంటుంది. ఆ గాలిని ఆపే జాలీ (పాప్ ఫిల్టర్) ఉన్నా మైకును నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిప్పి పెట్టేది అందుకే. గాజులు, తాళంచెవుల గుత్తి, కాగితం చప్పుడు కూడా మైకు పట్టేస్తుంది.

అపోహ: లైవ్‌లో తప్పు జరిగితే సారీ చెబితే చాలు

రేడియోలో అసలు భయం నిశ్శబ్దం. ఫైలు లేకపోయినా, ఫేడర్ (సౌండ్ పెంచి తగ్గించే మీట) కిందే ఉండిపోయినా, పాటలను వాటంతటవే నడిపే ఆటోమేషన్ మాన్యువల్‌లో ఉండి తర్వాతి పాట కదలకపోయినా డెడ్ ఎయిర్, అంటే ప్రసారంలో నిశ్శబ్దం వస్తుంది. అప్పుడు ముందు తర్వాతి పాట కదిలించాలి, తర్వాత ఫేడర్ చూడాలి, మాట్లాడటం ఆఖరున. వినేవాడికి సంజాయిషీ అక్కర్లేదు, పాట కావాలి.

అపోహ: ఫోన్ కాల్స్ అన్నీ నాటకం

కావు. కాకపోతే చాలావరకు అప్పుడే ప్రసారం కావు. ఒక పాట నడిచే మూడు నాలుగు నిమిషాల్లో కాల్ రికార్డు చేసి, ఫోన్ నంబర్లు, బూతులు, ఇంకొకరి పేరు మీద నిందలు తీసేసి, ఆ పాట అవ్వగానే వేస్తారు. ఆ కాసేపట్లో వినడం, కత్తిరించడం, తర్వాతి లింక్ ఆలోచించడం మూడూ చేసేది ఆ ఆర్జేనే.

అపోహ: యాస వస్తే చాలు, ఎఫ్ఎంకు విషయం అక్కర్లేదు

ఓరుగల్లు యాస నోటికి ఇంపు, అది మా బలం కూడా. కానీ ఊరు తెలియకుండా యాస ఒక్కటే నిలబడదు. బతుకమ్మ రోజుల్నే తీసుకోండి. ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల: ఇదీ వరుస. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మ పేర్చరు. ఆ సాయంత్రం మైకులో "అక్కా, ఈ రోజు ఏమేం పూలు పెట్టిన్రు?" అన్నారంటే, వరంగల్ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో "ఈయనకేం తెల్వదు" అన్న మాట పడిపోతుంది. ఆ నమ్మకం మళ్లీ రావాలంటే చాలా కాలం పడుతుంది.

మిర్చి ధరలూ అంతే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ రేటు చెప్పేటప్పుడు తేజనా, వండర్ హాటా, చపాటానా అని రకం చెప్పాలి, తేదీ చెప్పాలి. గరిష్ఠ ధర ఒక్కటే చదివితే రైతు ఆశపడి బస్తాలు ఎత్తుకొస్తాడు. ఆ ధర దక్కింది నాలుగు బస్తాలకే కావచ్చు. కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర మూడూ చదవాలి.

అపోహ: ప్రైవేటు ఎఫ్ఎంలో వార్తలు లేవు కాబట్టి బాధ్యత లేదు

సొంత వార్తలు చెప్పకూడదన్నది నిజం. ప్రైవేటు ఎఫ్ఎంలకు కేంద్రం పెట్టిన 2011 నాటి మూడో దశ విధానం ప్రకారం ఆకాశవాణి బులెటిన్‌ను మార్పు లేకుండా వేసుకోవచ్చు. అయితే వాతావరణం, ట్రాఫిక్, పరీక్షల సమాచారం, నీళ్లు, కరెంటు, విపత్తు హెచ్చరికలు చెప్పడానికి అనుమతి ఉంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి రోజు ఏ రోడ్డు మూసేశారో చెప్పాలంటే అధికారుల నుంచి నిర్ధారించుకోవాలి, "ఇది పది గంటలకు అందిన సమాచారం" అని సమయం కలపాలి, ప్రతి లింక్‌లో మళ్లీ చెప్పాలి. వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసి చెరువు తెగిందని అనేస్తే ఊరంతా రోడ్డెక్కుతుంది.

అపోహ: గొంతు దేవుడిచ్చిన వరం, మిరియాల కషాయం తాగితే చాలు

మింగినది అన్నవాహికలోకి పోతుంది, స్వరతంత్రులను తాకదు. కషాయం గొంతుకు హాయినిస్తుంది, అంతవరకే. స్వరతంత్రులకు కావలసింది రోజంతా కొద్దికొద్దిగా తాగే నీళ్లు, ఆవిరి, విశ్రాంతి. షోకు ముందు పది నిమిషాలు పెదాలు ఆడిస్తూ శబ్దం చేయడం, నోరు మూసి హమ్ చేయడం, ఒక పేరా పైకి చదవడం చాలు. మాటిమాటికీ గొంతు సవరించుకుంటే స్వరతంత్రులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. దానికి బదులు ఒక గుక్క నీళ్లు మింగాలి. గుసగుసగా మాట్లాడినా గొంతుకు శ్రమే. రాత్రి ఆలస్యంగా కారం తిని పడుకుంటే ఆమ్లం పైకి తన్ని, పొద్దున షోలో గొంతు బొంగురుపోతుంది. పడుకోవడానికి మూడు గంటల ముందే తినెయ్యాలి. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి, ఆలస్యం వద్దు.

చుట్టాలకు ఇక్కడే ఒక మాట. షో చేసొచ్చిన మనిషి విందులో తక్కువ మాట్లాడితే అది గొంతుకు ఇచ్చే విశ్రాంతి. బారాత్ డీజే బాక్సుల పక్కన నిలబెట్టి "ఒక డైలాగ్ కొట్టు బావా" అనకండి, అరవాల్సి వస్తుంది. చెవులకూ అంతే. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు హద్దు అనుకుంటే, ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 94 దగ్గర గంటే. హెడ్‌ఫోన్స్ సౌండ్ తగ్గించుకోమని నేను పోరేది దీనికే.

అపోహ: ఇది కుర్రాళ్ల పని, వయసైతే దిగిపోవాలె

హిందీ రేడియో వ్యాఖ్యాత అమీన్ సయానీ 1952లో గీత్‌మాలా అనే సినిమా పాటల కార్యక్రమం మొదలుపెట్టి దశాబ్దాల పాటు నడిపారు. మన దగ్గర న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా పిల్లల కార్యక్రమాలతో తరాలను పెంచారు. గొంతులో వయసు కనపడితే నష్టం లేదు, ఊపిరి, ఉచ్చారణ చెడితేనే నష్టం.

అపోహ: రేడియో అంటే సర్కారు నౌకరి

ఆకాశవాణిలో క్యాజువల్ (తాత్కాలిక) అనౌన్సర్లకు నెలకు గరిష్ఠంగా ఆరు డ్యూటీలే. రాతపరీక్ష, ఆడిషన్, ఇంటర్వ్యూ దాటినా అది పూర్తి ఉద్యోగం కాదు. "మా పిల్లగాణ్ని కూడా రేడియోల పెట్టియ్యు" అనేవాళ్లు ముందు ఒక డెమో (నమూనా రికార్డింగ్) చేయించండి. మొత్తం రెండు నిమిషాలు మించొద్దు. అందులో ముప్పై సెకన్ల లింక్‌లు మూడు ఉండాలి. ఒకటి ఊరి విషయం, ఒకటి పాట ఇంట్రో మీద మాట్లాడింది, ఒకటి మామూలు ప్రకటన. వెనక సంగీతం ఎక్కువ పెట్టొద్దు, ఫ్యాన్ ఆపి రికార్డు చేయాలి. వినేవాళ్లు మొదటి పది సెకన్లలోనే నిర్ణయించేస్తారు కాబట్టి పేరు, పరిచయం చివరన పెట్టమనండి.