వ్యాస్ హత్య నుంచి ఒంగోలు పేలుడు దాకా

2005 ఏప్రిల్ 27న ఒంగోలులో అప్పటి ప్రకాశం జిల్లా ఎస్పీ మహేష్ చంద్ర లడ్హా కారుకు గురిపెట్టి మావోయిస్టులు క్లేమోర్ మైన్ అనే మందుపాతర పేల్చారు. బుల్లెట్ ప్రూఫ్ కారు కాబట్టి ఆయన బతికి బయటపడ్డారు. ఏ పాపం తెలియని దారినపోయే జనం చనిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు రోడ్డు వారగా ఆపి ఉన్న బండి పక్కనుంచి పోవాలంటే నాకు కాళ్లు వణికేవి. ఎవరిదో తెలియకపోతే నాలుగడుగులు ఎడంగా నడిచేవాణ్ణి.

ప్రభుత్వానికీ మావోయిస్టులకూ మధ్య చర్చలు బెడిసికొట్టినందుకే ఆ దాడి జరిగిందని మా ఊళ్లో అంటారు. అది నిజమే. 2004 అక్టోబర్ 11న నల్లమలలోని చిన్నారుట్ల చెంచుగూడెం దగ్గర మావోయిస్టు నేత రామకృష్ణ బృందం చర్చల కోసం బయటికొచ్చినప్పుడు ప్రకాశం జిల్లా అంతా ఊపిరి పీల్చుకుంది. హైదరాబాద్‌లో నాలుగు రోజులు మాటలు నడిచాయి. జనవరికల్లా అంతా అయిపోయింది. మార్చిలో చిలకలూరిపేట పోలీస్ స్టేషన్ మీద దాడి, ఏప్రిల్‌లో ఒంగోలు. కానీ పెద్ద పోలీసు అధికారిని ఊరి నడిమధ్యలో కాపు కాసి చంపే పద్ధతి అప్పుడు పుట్టింది కాదు. దాని కోసం పన్నెండేళ్లు వెనక్కి పోవాలి. అక్కడ మన నెల్లూరు జిల్లా కూడా కనిపిస్తుంది.

తర్వాత మావోయిస్టు పార్టీలో కలిసిపోయిన పీపుల్స్‌వార్‌ను 1980 ఏప్రిల్ 22న పెట్టింది కొండపల్లి సీతారామయ్య. పదేళ్లు తిరిగేసరికి పార్టీలో ఆయన మాటకు ఎదురు మాట మొదలైంది. ఆయనది ఒంటెత్తు పోకడ అని కింది నాయకులు, తన మీద కుట్ర చేస్తున్నారని ఆయన. మొదటినుంచీ ఆయనతో ఉన్న కేజీ సత్యమూర్తి అప్పటికే బయటికి వెళ్లిపోయారు. చివరికి పార్టీ పెట్టిన మనిషినే బయటికి పంపారు. గణపతి పగ్గాలు పట్టారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బయట కూడా ఉచ్చు బిగిసింది. చెన్నారెడ్డి ప్రభుత్వం మొదట్లో ఇచ్చిన వెసులుబాటు పోయింది. ఆయన తర్వాత ముఖ్యమంత్రి అయిన నేదురుమల్లి జనార్దనరెడ్డి, అంటే మన వాకాడు మనిషి, 1992 మేలో పీపుల్స్‌వార్‌ను నిషేధించారు. పెద్దదిక్కు పోయి, నెత్తిన నిషేధం పడి, కొత్త నాయకత్వం చేతిలో పార్టీ ఉంది. 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తున్న ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను కాల్చి చంపారు.

వ్యాస్ అంటే గ్రేహౌండ్స్, నక్సలైట్లను ఎదుర్కోవడానికి పెట్టిన ప్రత్యేక పోలీసు దళం. 1989లో ఆ దళానికి రూపం ఇచ్చింది ఆయనే. అంతకుముందు పోలీసులు జీపుల్లో అడవికి వెళ్లి మందుపాతరలకు బలయ్యేవాళ్లు. ఆయన వాళ్లను జీపుల్లోంచి దించారు. చిన్న చిన్న జట్లుగా, రాత్రిళ్లు కాలినడకన, దళాలు ఎలా తిరుగుతాయో అలాగే తిరగమని నేర్పారు. అడవిలో నక్సలైట్లకున్న పైచేయి అప్పటినుంచే తగ్గుతూ వచ్చింది. శత్రువు కంటపడకుండా నడవడం అంతమందికి నేర్పిన అధికారి, తన పొద్దుటి పరుగు మాత్రం అందరూ చూసే మైదానంలో పెట్టుకున్నారు.

ఈ హత్యను పార్టీ లోపలి గొడవతో నేరుగా ముడిపెట్టడం సరికాదు. గ్రేహౌండ్స్ మీద కక్ష ఒక్కటే దానికి చాలు. కానీ పార్టీ పెట్టినవాణ్ణే వెళ్లగొట్టిన నాయకత్వం, మేం చల్లబడలేదని ముందు తనవాళ్లకే చూపించుకోవాలి. అందుకు అడవిలో పది ఎదురుకాల్పుల కన్నా రాజధానిలో ఒక ఐపీఎస్ ప్రాణం ఎక్కువ పనికొస్తుంది. నేను మాత్రం ఆ హత్యను అలాగే చూస్తాను.

ఆ తర్వాత అదే దారి. అడవిలో పోలీసులు దొరకడం కష్టమైనకొద్దీ యాక్షన్ టీములు, అంటే ఎంచుకున్న మనిషిని చంపడానికి పార్టీ పంపే చిన్న జట్లు, పట్టణాలకు వచ్చాయి. 1999 సెప్టెంబర్ 4న హైదరాబాద్ ఎస్.ఆర్.నగర్ కూడలిలో ఐపీఎస్ అధికారి ఉమేష్‌చంద్ర కారు ఆగినప్పుడు చుట్టుముట్టి కాల్చారు. ఆయన కారు దిగి, చేతిలో ఆయుధం లేకుండానే వాళ్ల వెంటపడ్డారు. నడిరోడ్డు మీద కుప్పకూలారు. డ్రైవర్, గన్‌మన్ కూడా పోయారు. ఇప్పుడు అక్కడ ఆయన విగ్రహం ఉంది.

వ్యాస్ కేసులో నిందితుడైన నయీమ్ కథ ఇంకో మలుపు. పార్టీకి ఎదురుతిరిగి గ్యాంగ్‌స్టర్ అయ్యాడు. 2005లో నల్లమల కోబ్రాలు, నర్సా కోబ్రాలు అన్న పేర్లతో హక్కుల కార్యకర్తలకు బెదిరింపులు వచ్చినప్పుడు వాటి వెనుక నయీమ్, అతని వెనుక పోలీసులు ఉన్నారని పౌరహక్కుల సంఘాలు ఆరోపించాయి. ఒక పోలీసు అధికారి హత్యకేసు నిందితుడు పోలీసులకే పనికొచ్చాడన్న మాట వింటేనే మనసు చివుక్కుమంటుంది. 2016 ఆగస్టులో షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లోనే అతను చచ్చిపోయాడు.

నిషేధం పెట్టిన నేదురుమల్లిని కూడా పార్టీ మరిచిపోలేదు. 2007 సెప్టెంబర్ 7న నెల్లూరు జిల్లాలో ఆయన వాహనశ్రేణి మీద మందుపాతర పేల్చారు. ఆయన, అప్పటి మంత్రి అయిన ఆయన భార్య రాజ్యలక్ష్మి తప్పించుకున్నారు. వెనక కారులో వస్తున్న ముగ్గురు పోయారు.

2025 అక్టోబర్‌లో, ఆయుధాలు దించాలా వద్దా అని పార్టీలో ఒకరి మీద ఒకరు ప్రకటనలు ఇచ్చుకుంటుండగా అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ లొంగిపోయారు. నెల దాటిన కొద్ది రోజులకే, నవంబర్ 18న మారేడుమిల్లిలో మావోయిస్టు కమాండర్ హిడ్మా చనిపోయాడు. ఆ సంగతి విలేకరులకు చెప్పింది ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ చీఫ్ లడ్హా. టీవీలో ఆయన ముఖం చూడగానే నాకు ఒంగోలు గుర్తొచ్చింది, ఆ రోజు ఇంటికి తిరిగిరాని మా ఊరివాళ్లు గుర్తొచ్చారు.