తిరిగిచ్చే ఫోను, తీరని మొహమాటం

పెద్ద కంపెనీ ఫోను ఏదైనా విడుదలయ్యే రోజున యూట్యూబ్ తెరిచి చూడండి. ఒకే నిమిషానికి పది ఛానెళ్లలో పది రివ్యూలు ఊడిపడతాయి. అందరూ కూడబలుక్కుని పెట్టినవేం కావు. దాని పేరు ఎంబార్గో. ఫోను అమ్మకానికి రావడానికి వారం పది రోజుల ముందే కంపెనీ తరఫు పీఆర్ ఏజెన్సీ కొందరికి రివ్యూ యూనిట్, అంటే వాడి చూసి చెప్పడానికి అరువిచ్చే ఫోను, పంపుతుంది. ఫలానా తేదీ, ఫలానా గంట దాకా నోరు మెదపనని వాళ్లు ఒప్పుకోవాలి. పెట్టెతో పాటు 'రివ్యూయర్స్ గైడ్' అని ఒక పీడీఎఫ్ కూడా వస్తుంది. ఈసారి కొత్తగా ఏమొచ్చింది, కెమెరాలో ఏ మోడ్ చూడాలి, ఏ పోటీ ఫోనుతో పోలిస్తే బాగుంటుంది వగైరా అందులో ఉంటాయి.

యూనిట్ అందనివాడి సంగతేమిటి? సేల్ మొదలయ్యాక సొంత డబ్బుతో కొనాలి, నాలుగు రోజులు వాడాలి, ఎడిట్ చేసి పెట్టాలి. ఈలోగా వెతికేవాళ్లు వెతకడం అయిపోతుంది. లాంచ్ వీడియోకి వచ్చే వ్యూస్‌లో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే వచ్చేస్తాయి. కాబట్టి కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వకపోయినా, ముందుగా అందిన పెట్టే ఒక జీతం లాంటిది.

'వీడు డబ్బులు తీసుకున్నాడా?' అన్నదే చూసేవాళ్ల ప్రశ్న. చట్టాలు కూడా ఆ ప్రశ్న చుట్టూనే అల్లుకున్నాయి. కానీ ముట్టిన డబ్బు కంటే, వచ్చేసారి యూనిట్ అందదేమోనన్న బెంగే మాటను ఎక్కువగా వంచుతుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఎలాగూ చెప్పింది.

ఈ బెంగ లేని పద్ధతి ఒకటి చాలా పాతది. అమెరికాలో 1936లో మొదలైన కన్స్యూమర్స్ యూనియన్ పరీక్షించే వస్తువును మామూలు దుకాణంలో, మామూలు ధరకు కొనేది. తన పత్రికలో ప్రకటనలు వేసేది కాదు. పాఠకుల చందాతోనే నడిచేది. ఖర్చు ఎక్కువ, వేగం తక్కువ. తర్వాత వచ్చిన కంప్యూటర్ పత్రికలు అరువు యూనిట్లతో, ఆ కంపెనీల ప్రకటనలతోనే బతికాయి. అయితే ప్రకటనల విభాగం ఒక గదిలో, రాసేవాళ్లు ఇంకో గదిలో ఉండేవారు. బ్లాగులు వచ్చాక ఆ రెండు గదులూ ఒకే మనిషయ్యాయి.

2006 డిసెంబరులో మైక్రోసాఫ్ట్, ఏఎండీ కలిసి కొందరు బ్లాగర్లకు విండోస్ విస్టా వేసిన ఏసర్ ఫెరారీ ల్యాప్‌టాప్‌లు పంపాయి. ఉంచుకోవచ్చు, ఎవరికైనా ఇచ్చేయవచ్చు, వెనక్కి పంపవచ్చు అన్నాయి. ఇది లంచం కాదా అని గోల మొదలయ్యాక, చూడటం అయిపోయాక వెనక్కి పంపండి లేదా ఎవరికైనా ఇచ్చేయండి అంటూ మాట మార్చాయి. ఆ రోజుల్లో దీని మీద ప్రత్యేకంగా నియమమంటూ ఏదీ లేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1980 నాటి తన ఎండార్స్‌మెంట్ మార్గదర్శకాలను సవరించి, 2009 డిసెంబరు 1 నుంచి బ్లాగర్లకూ వర్తింపజేసింది. నగదైనా, ఉచిత వస్తువైనా తీసుకుంటే చెప్పి తీరాలి.

చెప్పి తీరాలన్నంత మాత్రాన సంబంధం శుభ్రపడలేదు. 2012లో బెర్లిన్ ఐఎఫ్ఏ ఎలక్ట్రానిక్స్ ఎగ్జిబిషన్‌కు సామ్‌సంగ్ తన 'మొబైలర్స్' కార్యక్రమం కింద ఇండియా నుంచి ఇద్దరు బ్లాగర్లను తీసుకెళ్లింది. చూసి రాయడానికి పిలిచారనుకుని వాళ్లు వెళ్లారు. తీరా అక్కడ యూనిఫారం వేసుకుని స్టాల్లో నిలబడి విలేకరులకు ఫోన్లు చూపించమన్నారు. కుదరదనేసరికి తిరుగు టికెట్ల దగ్గర పేచీ వచ్చింది. చివరికి పోటీ కంపెనీ నోకియా ముందుకొచ్చి హోటల్, టికెట్ల సంగతి చూసింది. అపార్థం జరిగిందని సామ్‌సంగ్ క్షమాపణ చెప్పింది. ఆ రెండో కంపెనీ సాయం కూడా ఉచిత ప్రచారమేనని అప్పట్లో నవ్వుకున్నవాళ్లు లేకపోలేదు. మరుసటి ఏడాది తైవాన్‌లో ఇంకాస్త ముదిరింది. మనుషులకు డబ్బిచ్చి హెచ్‌టీసీ ఫోన్లను ఇంటర్నెట్‌లో తిట్టించారన్న కారణంగా అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ సామ్‌సంగ్‌కు కోటి తైవాన్ డాలర్ల జరిమానా వేసింది.

వీడియోల కాలంలో ఒప్పందాలు ఎలా ఉంటాయో బయటపెట్టిన కేసులు రెండున్నాయి. మొదటిది మషీనిమా అనే యూట్యూబ్ ఛానెళ్ల నెట్‌వర్క్‌ది. 2013 చివర్లో ఎక్స్‌బాక్స్ వన్ అనే గేమింగ్ పరికరం ప్రచారానికి వీడియోలు చేయించింది. తొలి విడతలో ఒకరికి 15,000 డాలర్లు, మరొకరికి 30,000 డాలర్లు ఇచ్చింది. రెండో విడతలో ప్రతి 1,000 వ్యూస్‌కు 1 డాలర్ చొప్పున లెక్క, మొత్తం 25,000 డాలర్లు మించకుండా. డబ్బు సంగతి వీడియోలో చెప్పమని గట్టిగా అడగలేదన్నది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం. 2015లో రాజీ కుదిరింది. రెండో కేసు వార్నర్ బ్రదర్స్ గేమ్‌ది, 2016లో తేలింది. ఆటలో బగ్గులు కనపడకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు. స్పాన్సర్ సంగతి డిస్క్రిప్షన్‌లో పెట్టారు గానీ, 'షో మోర్' నొక్కితే తప్ప కనిపించని చోట పెట్టారు. చెప్పినట్టూ ఉండాలి, వినపడకుండానూ ఉండాలి. ఈ విద్య ఇప్పటికీ చెల్లుతోంది. ఇరవై హ్యాష్‌ట్యాగుల మధ్య పద్నాలుగోదిగా 'యాడ్' ఉంటుంది.

ఇండియాలో ఈ వ్యవహారం పెద్దదైంది 2016 సెప్టెంబరులో జియో వచ్చాక. డేటా చవకైంది, చవక ఫోన్లు వరదలా వచ్చాయి, తెలుగులో ఫోను గురించి చెప్పేవాళ్లకు ఒక్కసారిగా లక్షల మంది ప్రేక్షకులు దొరికారు. నియమాలు రావడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. ప్రకటనల రంగం స్వయంగా పెట్టుకున్న మండలి ఆస్కి నియమాలు 2021 జూన్ 14 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇది ప్రకటన అని చెప్పే లేబుల్ ఎంతసేపు కనపడాలో కూడా అందులో ఉంది. 15 సెకన్ల లోపు వీడియో అయితే కనీసం 3 సెకన్లు. 2 నిమిషాల లోపైతే నిడివిలో మూడో వంతు, అంటే 90 సెకన్ల రీల్‌లో 30 సెకన్లు. 2 నిమిషాలు, అంతకు మించితే ఆ బ్రాండ్ గురించి మాట్లాడినంత సేపూ. వినడానికే ఉన్న ఆడియో అయితే మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి నోటితో చెప్పాలి. లేబుల్ ఇంగ్లిష్‌లో గానీ, ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలో గానీ ఉండొచ్చు. తెలుగు వీడియోల్లో 'ప్రకటన' అన్న మాట కనపడటం అరుదు. 'కొలాబ్' అన్నది మాత్రం కనపడుతుంది. ఆ మాట విన్న సగటు ప్రేక్షకుడికి ఇద్దరు స్నేహితులు కలిసి వీడియో చేసినట్టు తోస్తుందే గానీ డబ్బు గుర్తుకురాదు.

ఆస్కికి శిక్షించే అధికారం లేదు. అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జులైలో ఏర్పడ్డ కేంద్ర ప్రాధికార సంస్థకు ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవాళ్లకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. మొదటిసారి ఏడాది దాకా, ఆ తర్వాత మూడేళ్ల దాకా ఏ వస్తువునూ ప్రచారం చేయకుండా నిషేధించవచ్చు. కంపెనీ చెప్పేది నిజమో కాదో తగినంత జాగ్రత్తగా కనుక్కున్నానని చూపగలిగితే జరిమానా తప్పుతుంది. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇంకో చిన్న పుస్తకం విడుదల చేసింది. ఏవేవి 'సంబంధం' కిందికి వస్తాయో అందులో జాబితా ఉంది: డబ్బు, ప్రయాణాలు, హోటల్ బస, బార్టర్ (ఇచ్చిపుచ్చుకోవడం), డిస్కౌంట్లు, బంధుత్వం, ఉద్యోగం. షరతు ఉన్నా లేకున్నా ఉచితంగా వచ్చిన వస్తువూ ఆ జాబితాలో ఉంది. 'ఫ్రీగా పంపారు గానీ ఏం చెప్పమనీ అడగలేదు' అన్న మాట దాచడానికి సాకు కాదన్నమాట.

తెలుగు ఇన్‌ఫ్లుయెన్సర్లకు పోలీసు సెగ తగిలింది ఫోన్ల వల్ల కాదు, బెట్టింగ్ యాప్‌ల వల్ల. 2025 మార్చిలో హైదరాబాద్‌లోని పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో పెట్టిన కేసులు తెలంగాణ గేమింగ్ చట్టం వగైరాల కింద పెట్టినవి. టెక్ రివ్యూల జోలికి వాటిలో ఎవరూ రాలేదు.

'లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది, చెక్ చేసుకోండి' అన్న మాట వెనక ఇంకో ఆదాయం ఉంది. అమెజాన్ ఇండియా లింకు తెరిచాక అడ్రస్ బార్‌లో 'ట్యాగ్' అన్న మాట తర్వాత ఒక పేరు, దాని చివర '-21' కనిపిస్తే అది అఫిలియేట్ లింకు. ఆ దారిన వెళ్లి కొంటే పంపినవాడికి కమీషన్ వెళ్తుంది. మీకు ధర పెరగదు, అందులో మోసమూ లేదు. చిక్కల్లా, 'కొనకండి' అన్న వీడియోకి కమీషన్ రాదు. బ్రౌజర్ గుర్తుంచుకునే చివరి లింకు ఎవరిదైతే కమీషన్ వాళ్లది. 2024 డిసెంబరులో డిస్కౌంట్ కూపన్లు వెతికిపెట్టడానికి బ్రౌజర్‌కు తగిలించుకునే హనీ అనే ఎక్స్‌టెన్షన్ మీద పెద్ద ఆరోపణ వచ్చింది ఇక్కడే. డబ్బు కట్టే పేజీలో అది చివరి నిమిషాన తన గుర్తును దూర్చి, రివ్యూయర్ గుర్తును తీసేస్తోందని. అదే హనీని ఎన్నో ఏళ్లుగా డబ్బు తీసుకుని ప్రచారం చేసినవాళ్లు ఆ రివ్యూయర్లే. వాళ్లలో కొందరు దాన్ని సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్న పేపాల్ మీద కోర్టుకెళ్లారు. 2025 మార్చిలో గూగుల్ క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చి, కొనేవాడికి లాభం చూపించకుండా కమీషన్ గుర్తులు దూర్చకూడదంది.

మళ్లీ యూనిట్ దగ్గరికి వద్దాం. 2020 డిసెంబరులో ఎన్‌విడియా, ఆస్ట్రేలియాకు చెందిన హార్డ్‌వేర్ అన్‌బాక్స్డ్ ఛానెల్‌కు ఇకపై తన ఫౌండర్స్ ఎడిషన్ గ్రాఫిక్స్ కార్డులు పంపబోమని ఈమెయిల్ రాసింది. వాళ్ల తప్పల్లా రే ట్రేసింగ్‌కు (ఆటలో వెలుగునీడలను నిజంలా చూపించే పద్ధతి) కంపెనీ కోరినంత చోటివ్వకుండా మామూలు గేమింగ్ వేగానికే పెద్దపీట వేయడం. ఈమెయిల్ బయటపడి గొడవయ్యాక కంపెనీ వెనక్కి తగ్గింది. 2024 ఆగస్టులో గూగుల్ ఫోను పిక్సెల్ 9 వచ్చినప్పుడు ఆ కంపెనీ 'టీమ్ పిక్సెల్' కార్యక్రమం ఒప్పంద పత్రంలో, పోటీ ఫోన్లను పిక్సెల్ కంటే ఎక్కువ ఇష్టపడుతున్నట్టు కనపడితే సంబంధం తెగిపోతుందన్న వాక్యం బయటికొచ్చింది. పొరపాటంటూ తీసేశారు. ఆ వాక్యం కాగితం మీదికి ఎక్కడమే విశేషం. చాలాచోట్ల దాన్ని రాయాల్సిన పనే ఉండదు. తర్వాతి లాంచ్‌కి ఫోన్ రాదు, అంతే.

అసలు వస్తువు చేతికే ఇవ్వకుండా పొగిడించినదీ ఉంది. పిక్సెల్ 4 గురించి అమెరికా రేడియో జాకీలు సొంత అనుభవంలా చెప్పిన ప్రకటనలు సుమారు 29,000 సార్లు ప్రసారమయ్యాయి. చెప్పినవాళ్ల దగ్గర ఆ ఫోనే లేదు. 2022 నవంబరులో గూగుల్, రేడియో కంపెనీ ఐహార్ట్‌మీడియా 94 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి.

రివ్యూయర్ నిజాయితీపరుడే అయినా యూనిట్ నిజాయితీ వేరే సంగతి. 2017లో వన్‌ప్లస్ 5 రివ్యూ యూనిట్లను ఎక్స్‌డీఏ అనే టెక్ వెబ్‌సైటు పరీక్షించింది. వేగాన్ని కొలిచే బెంచ్‌మార్క్ యాప్ తెరవగానే దాని పేరును గుర్తుపట్టి, ప్రాసెసర్లోని చిన్న కోర్లను గరిష్ఠమైన 1.9 గిగాహెర్ట్జ్ దగ్గరే ఫోను నిలబెడుతోందని తేలింది. అదే పరీక్షను పేరు మార్చిన యాప్‌తో నడిపితే ఆ పరుగు లేదు. అంతమంది నిజాయితీగా కొలిచి చూపించిన అంకెలూ తప్పే. కాబట్టి బెంచ్‌మార్క్ స్కోరు ఒక్కటే చూపించే వీడియోను పక్కన పెట్టండి. ఒకే గేమ్‌ను లేదా లోడ్‌ను 20, 30 నిమిషాలు ఆపకుండా నడిపి, మొదటి నిమిషం వేగానికీ చివరి నిమిషం వేగానికీ తేడా, వేడి ఎంతకు చేరిందీ చెప్పారా అని చూడండి. గది ఉష్ణోగ్రత కూడా చెప్పాలి. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర చల్లగా ఉన్న ఫోను మే నెలలో విజయవాడ బస్‌స్టాండులో అలాగే ఉండదు.

కంప్యూటర్‌లో ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ డ్రైవుల్లో ఇంకో రకం. 2021లో వెస్టర్న్ డిజిటల్ ఎస్ఎన్550 మోడల్ పేరు మార్చకుండానే లోపలి మెమరీ చిప్పులు మార్చేసింది. క్యాష్ (తాత్కాలిక నిల్వ) నిండాక రాసే వేగం సెకనుకు 610 ఎంబీ నుంచి 390కి పడిపోయింది. అదే ఏడాది క్రూషియల్ పీ2లో టీఎల్‌సీ రకం మెమరీ పోయి నెమ్మదైన క్యూఎల్‌సీ రకం వచ్చింది. రివ్యూలు పాతవి, పెట్టె కొత్తది. కొనేముందు రివ్యూ తేదీ చూడాలి. కొన్నాక ఫర్మ్‌వేర్ (డ్రైవు లోపలి సాఫ్ట్‌వేర్) నెంబరును రివ్యూలో కనపడే దానితో పోల్చాలి. వేరుగా ఉంటే, కంప్యూటర్‌లో బిగించి 100 జీబీ ఫైలొకటి ఒకేసారి కాపీ చేసి, వేగం ఎక్కడ పడిపోతుందో రిటర్న్ గడువు ముగియకముందే చూసుకోవాలి.

ఇక యూనిట్ తిరిగి వెళ్లిందా, లేదా? దీన్ని మన దేశంలో అన్నిటికంటే సూటిగా అడిగింది వినియోగదారుల శాఖ కాదు, ఆదాయపు పన్ను శాఖ. 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన 194ఆర్ సెక్షన్ కింద, ఒక కంపెనీ ఏడాదిలో ఒకరికి 20,000 రూపాయలకు మించి వస్తురూపంలో లాభం ఇస్తే 10 శాతం పన్నుగా కోసి ప్రభుత్వానికి కట్టాలి. సోషల్ మీడియా ప్రచారానికి ఇచ్చే కార్లు, ఫోన్లను పన్నుల బోర్డు సర్క్యులర్‌లోనే ఉదాహరణగా పేర్కొంది. వాడి తిరిగిచ్చేస్తే లాభం కాదు, ఉంచుకుంటే లాభమే. 60,000 రూపాయల ఫోను ఉంచుకుంటే 6,000 రూపాయల పన్ను కట్టిన లెక్క ఎక్కడో ఒకచోట, పాన్ నెంబరు పక్కన ఉండాలి.